ముత్యం ఎదగలేదు

పొద్దున ఎనిమిదింటికి ముత్యం అడుగు వేయనంది. ముందుకాళ్లు రెండూ చాపి, బరువంతా వెనక్కి వేసుకుని నిలబడింది. అంజయ్య గిట్టల మీద చెయ్యి పెట్టి చూశాడు. అవి కాలిపోతున్నాయి. సాయంత్రం ఐదింటికి బిక్షమయ్య కొడుకు పెళ్లి ఊరేగింపు. మన్సూరాబాద్ కొత్త కాలనీలన్నీ చూస్తుండగా పెళ్లికొడుకును మోయాల్సింది ముత్యమే.

అంజయ్యకు ఎడ్లు తెలుసు, గుర్రాలు తెలియవు. ఇరవై ఏళ్లు ఎడ్లబండి మీద కాలనీ ఇళ్లకు ఇసుక తోలాడు. ట్రాక్టర్లు వచ్చి బండిని మూలన కూర్చోబెట్టాక ఎడ్లను అమ్మి, పోయిన ఎండాకాలం పెళ్లి ఊరేగింపులకని సంతలో ఈ తెల్ల గుర్రప్పిల్లను కొన్నాడు. అది తన ఛాతీ దాకా కూడా రాదు. "రెండేండ్ల పిల్ల, ఇంక మస్తు ఎదుగుతది" అన్నాడు అమ్మినవాడు. ఎదిగే దూడకు ఏం పెట్టాలో అంజయ్యకు ఒకరు చెప్పాలా? రెండు పూటలా ఉడకబెట్టిన ఉలవలు, బెల్లం. తన కంచంలో తక్కువైనా ముత్యం తొట్టిలో తక్కువ కానివ్వలేదు. నెలనెలా దాన్ని గోడ పక్కన నిలబెట్టి బొగ్గుతో ఎత్తు గీసేవాడు. గీత మీదే గీత పడేది. పొట్ట మాత్రం పెరిగేది.

భార్య అండాలు దిల్‌సుఖ్‌నగర్ పోయి, లాడాలు కొట్టే జానయ్యను వెంటబెట్టుకొచ్చింది. ముసలాయన గిట్టలు తట్టాడు, పెదవి ఎత్తి పళ్లు చూశాడు.

"రెండేండ్లని ఎవడు చెప్పిండ్రా? దీనికి తొమ్మిదేండ్లు దాటినయ్."

"పిల్ల కాదా తాతా?"

"గుర్రప్పిల్లకు కాళ్లు పొడుగ్గుంటయ్, మెడ సన్నగుంటది. దీని కాళ్లు చూడు, పొట్టి. మెడ మందం, జూలు గుబురు. ఇది టట్టు. జాతే గింత. ఏం బెట్టినా గుర్రం కాదు." ముసలాయన గొంతు తగ్గించాడు. "ఎండుగడ్డితోని బతికే జాతికి నువ్వు దినాం ఉలవలు మేపినవ్. గా బలుపే గిట్టలల్లకు దిగింది."

అంజయ్యకు తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్లూ తన చేత్తో తానే దానికి రోగం తినిపించాడు.

"నయమైతదా?"

"నడిపియ్యకుంటే చూద్దాం. నడిపిస్తే గిట్ట లోపలి బొక్క జారుతది. ఇంక లేవదు."

మధ్యాహ్నం పెళ్లికొడుకు మేనమామ చక్రపాణి స్కూటర్ మీద దిగాడు. అంజయ్య చేతులు జోడించి సంగతంతా చెప్పాడు.

"ఇప్పుడా చెప్పేది? చుట్టాల ముంగట మా బావ ఇజ్జత్ ఏం కావాలె? సూది ఏపియ్యి. నాలుగు గల్లీలు తిరిగితే చాలు."

"నడిస్తే సస్తది పటేలా."

"ఎల్‌బీ నగర్ దాకా ఒక్క పెండ్లికి నిన్ను పిలవనియ్య, యాదికుంచుకో!"

చక్రపాణి తాడు గుంజాడు. ముత్యం అంజయ్య వైపు చూసింది, వణుకుతూ ఒక కాలు ఎత్తింది. నొప్పితో దాని ఒళ్లంతా చెమట పట్టింది. అయినా చెప్పినట్టు నడవడానికే చూస్తోంది. అంజయ్య చక్రపాణి చేతిలోంచి తాడు లాక్కుని, వంగి ముత్యం ఛాతీకి భుజం ఆనించి నిలబడ్డాడు.

"పిలవకున్రి పటేలా. ఇది రాదు."

స్కూటర్ తిట్టుకుంటూ పోయింది. సాయంత్రం పెళ్లి బ్యాండు దూరంగా మోగుతుంటే అంజయ్య గిట్టల మీద చన్నీళ్లు పోస్తూ కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి జానయ్య చెప్పినట్టు పిడికెడు ఎండుగడ్డి, నీళ్లు. అంతే. ఆకలికి ముత్యం సకిలించేది. అంజయ్య చెవులు మూసుకునేవాడు. పెట్టడం తప్ప ప్రేమ చూపే దారి తెలియని మనిషికి అది ఎంత నరకమో ఎవరికి చెప్పుకోగలడు?

పన్నెండో రోజు పొద్దున, అండాలు ఇంట్లోవాళ్ల కోసం ఉడికించిన ఉలవల కుండ వాకిట్లో దించింది. ముత్యం చెవులు నిక్కబొడుచుకుంది. ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు. కుంటకుండా, నేరుగా కుండ దగ్గరికి వచ్చి మూతి పెట్టబోయింది.

"నడిచిందే!" అని అరిచాడు అంజయ్య. కళ్లవెంట నీళ్లు కారుతుండగానే ఉరికి వెళ్లి, దాని మూతి కింది నుంచి కుండ లాక్కుని, పక్కింటి బర్రె తొట్టిలో కుమ్మరించాడు.