ఏడువేలూ ఒక సున్నా

వీరేష్ చిన్న సుత్తితో దాగలి ఇనుపదిమ్మె మీద టంగుమని ఒక్కసారి కొట్టాడు. మొదలు పెట్టమని దాని అర్థం. ఈశ్వరి సమ్మెటను భుజం వెనక్కి తీసుకుని, తల మీదుగా తిప్పి, ఎర్రగా కాలిన గడ్డపార మొన మీద దించింది. రవ్వలు లేచి ఆమె ముంజేతుల మీద పడ్డాయి. ఆమె చూసుకోలేదు. ఆ చేతుల మీద మచ్చ లేని చోటు వెతుక్కోవాలి.

కొలిమి దగ్గర మాటలతో పని లేదు. వీరేష్ ఎడమచేత్తో పట్టుకారు పట్టి ఇనుమును దాగలి మీద అదిమి ఉంచుతాడు. కుడిచేతిలోని చిన్న సుత్తితో ఎక్కడ తడితే ఈశ్వరి అక్కడ సమ్మెట వేస్తుంది. అతను సుత్తిని దాగలి పక్కకు ఆనించి రెండు చప్పుళ్ళు చేస్తే ఆపుతుంది. పొద్దున ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా ఇద్దరి మధ్యా నడిచేది ఆ చప్పుళ్ళే.

సమ్మెట ఏడు కిలోలు. అది లేచిన ప్రతిసారీ ఈశ్వరి కుడిభుజంలో ఎముక పక్కకు జరిగి, దిగినప్పుడు మళ్ళీ తన చోటికి వచ్చేది. అనంతపురంలో డాక్టరు పోయిన ఏడాది ఎక్స్‌రే ఫిల్మును లైటు ముందు పెట్టి చూశాడు. ఇంకో రెండేళ్ళు ఇట్లాగే కొడితే జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవదన్నాడు. రెండేళ్ళలో ఒకటి అప్పుడే అయిపోయింది.

పద్నాలుగేళ్ళ కిందట సమ్మెట కొట్టింది వీరేష్ తమ్ముడు తిప్పేష్. దెబ్బ పక్కకు పడిందని ఒకరోజు వీరేష్ కాలిన నాగటి కర్రును అతని మీదికి విసిరాడు. అది తొడకు అతుక్కుంది. ఈశ్వరి చెంబుతో నీళ్ళు పోస్తే చర్మంతో పాటు ఊడివచ్చింది. తిప్పేష్ కుంటుకుంటూ బళ్ళారి బస్సెక్కాడు. మరుసటి రోజు సమ్మెట ఈశ్వరి చేతికి వచ్చింది. ఆ తర్వాత రెండుసార్లు కడుపు నిలిచింది, రెండుసార్లూ సమ్మెట ఎత్తుతుండగానే పోయింది. రెండోసారి నాలుగు రోజులు పడుకుంది. అయిదో రోజున రైతులు గొర్రు పళ్ళు తెచ్చి కొలిమి ముందు కూర్చున్నారు.

వీరేష్ రెండు చప్పుళ్ళు చేశాడు. ఈశ్వరి సమ్మెట దించి కొంగుతో మొహం తుడుచుకుంది.

"బిర్న తెములు. పదకొండుకంతా ఉరవకొండలో ఉండల్ల," అన్నాడు వీరేష్.

ఆమెకు నవ్వు వచ్చింది. ఈ మాట కోసం ఆమె మూడు నెలలు వెంటబడింది. కరెంటుతో నడిచే సుత్తి మిషను ఒకటి అనంతపురంలో లక్షా ఎనభైవేలకు వస్తుంది. కాలితో నొక్కితే అదే కొడుతుంది. పొదుపు సంఘం తరఫున బ్యాంకు అప్పిస్తానంది గానీ ఒక షరతు పెట్టింది. భార్యాభర్తలు ఇద్దరూ కలిసి ఒక రోజు డబ్బు క్లాసుకు రావాలి. ఇంట్లో రాబడి ఎంత, ఖర్చు ఎంత, కిస్తు ఎట్లా కడతారో అక్కడ తేలాలి.

హాల్లో పన్నెండు జంటలు ఉన్నాయి. ఆడవాళ్ళు ముందు వరుసల్లో, మగవాళ్ళు గోడ పక్కన. బయట గాలి మట్టిని ఎత్తి కిటికీ రెక్కలకు కొడుతోంది. చినుకు లేని ఆషాఢపు గాలి. దూరంగా బెళుగుప్ప వైపు గాలిమరలు ఆగకుండా తిరుగుతున్నాయి. పాఠం చెప్పడానికి వచ్చిన సరళ మేడమ్ చిన్న పిల్లలాగే ఉంది. ఆమె మొగుణ్ణీ పెళ్ళాన్నీ పక్కపక్కన కూర్చోబెట్టి, ఒక్కొక్కరికి ఒక కాగితం ఇచ్చింది.

"మీ సంపాదన మీరు రాయొద్దు. భర్త సంపాదన భార్య రాయాలి. భార్య సంపాదన భర్త రాయాలి. ఒకరిది ఒకరు చూడకూడదు. ఒకరి కష్టం ఇంకొకరికి ఎంత తెలుసో చూద్దాం."

"నా పెండ్లాం దినానికి నూరు తిట్లు సంపాదిస్తాది మేడమ్. అవీ రాయల్లనా?" అన్నాడు ఓబిలేష్ అనే ఆటో అతను.

"రాయప్పా, నువ్వు మళ్ళా వాటిని మా మీదే ఖర్చు పెడతావు గదా," అంది సంఘం లీడరు తిమ్మమ్మ. హాలంతా నవ్వింది. వీరేష్ కూడా నవ్వాడు.

ఈశ్వరి చాలాసేపు ఆలోచించింది. కొలిమి మీద నెలకు పద్నాలుగు వేలు వస్తుంది. పట్టుకునేది ఒకరు, కొట్టేది ఒకరు. ఎవరు లేకపోయినా ఇనుము సాగదు. అందుకని వీరేష్ పేరు కింద ఏడువేలు అని రాసింది. మిగతా ఏడువేలు అతను ఆమె పేరు కింద ఎట్లాగూ రాస్తాడు.

మేడమ్ కాగితాలు తీసుకుని ఒక్కో జంట పేరు చదువుతూ, రెండు అంకెలూ బోర్డు మీద కూడుతోంది. మిగతా భార్యలందరూ మొగుళ్ళ సంపాదన పెద్దదిగానే రాశారు.

"వీరేష్ గారి సంపాదన, భార్య రాసింది, ఏడువేలు. ఈశ్వరి గారి సంపాదన, భర్త రాసింది..." మేడమ్ కాగితం తిప్పి చూసింది. "సున్నా."

బోర్డు మీద ఏడువేలు వేసి, కింద సున్నా వేసి, గీత గీసింది. మొత్తం ఏడువేలు.

"నెలకు నాలుగువేల కిస్తు. ఏడువేల ఇంటికి ఇంత అప్పు రాదమ్మా. ఇంకేమైనా రాబడి ఉందా?"

ఈశ్వరి ఎప్పుడూ నలుగురిలో లేచి మాట్లాడలేదు. లేచి నిలబడింది. "పద్నాలుగు వేలు వస్తాది మేడమ్. సగం ఆయప్పది, సగం నాది. సమ్మెట కొట్టేది నేనే."

వెనక నుంచి ఎవరో ఈల వేశారు. "ఏమప్పా వీరేషా, పెండ్లాం కొడతాంటే నువ్వు ఉత్తగ పట్టుకుంటావా?" అన్నాడు ఓబిలేష్. ఈసారి వీరేష్ నవ్వలేదు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

మేడమ్ అతని ముందుకు వచ్చి పెన్ను చాపింది. "ఏం పర్వాలేదు. సున్నా కొట్టేసి ఏడువేలు రాయండి. రెండూ కలిస్తే అప్పు వచ్చేస్తుంది."

పెన్ను అతని మొహం ముందు చాలాసేపు ఆగింది. ఈశ్వరి దాన్నే చూసింది. తన చెయ్యి అక్కడ ఉంది, ఆ పెన్ను కొసన.

"రాసింది రాసినట్లే," అన్నాడు వీరేష్. "ఆడది కొడితే కొలిమి నడుస్తాదా మేడమ్? ఊరికే పక్కన నిలబడుకోని ఉంటాది."

మేడమ్ వాళ్ళ కాగితాలను కట్ట అడుక్కు తోసి తరువాతి పేరు చదివింది.

ఇద్దరూ ఆటోలో తిరిగి వచ్చారు. కొలిమి చేరాక వీరేష్ రేకు తలుపు లోపల గడియ పెట్టాడు. పట్టుకారు తీసుకున్నాడు.

"నేను ఏడువేల మొగుణ్ణా?"

మొదటి దెబ్బ కుడిభుజం మీదే పడింది. ఏ భుజమో అతనికి తెలుసు. రెండోది వీపు మీద. "నలుగురిలో నిలబడి చెప్తావా?" మూడోదానికి ఆమె బొగ్గుల కుప్ప మీద పడింది. జుట్టు పట్టి లేపి మొహం మీద గుద్దాడు. పై పెదవి పంటికి తగిలి చీలింది. నోట్లోకి రక్తం, బొగ్గుపొడి కలిసి వచ్చాయి. ఆమె అరవలేదు. అరిస్తే రోడ్డు మీది వాళ్ళు వస్తారు, తలుపు తీస్తారు, చూస్తారు, పోతారు. అతను అలిసేదాకా కొట్టాడు. కమ్మరి చెయ్యి తొందరగా అలిసిపోదు.

తరువాత అతనే తలుపు తీసి, కొలిమిలో నిప్పు రాజేశాడు. పని ఆగదు.

నాలుగింటికి రామప్ప గుద్దలి పట్టుకుని వచ్చాడు. ఊళ్ళో నాలుగెకరాల రైతు. గుద్దలి అంచు అరిగి గుండ్రంగా అయింది. దాన్ని కాల్చి సాగదీయాలి.

"ఈ వానలు చూస్తే ఇత్తనం యాడ ఏసేది ఆచారీ. అయినా చేతులు ఊరుకోవు గదా," అంటూ ఈశ్వరి వైపు చూశాడు. "ఏమ్మా, మూతికేమాయ?"

"సమ్మెట తగిలింది," అన్నాడు వీరేష్.

"సమ్మెట పట్టుకునేటోళ్ళకే తగిలేది," అన్నాడు రామప్ప సానుభూతిగా. వీరేష్ గుద్దలిని నిప్పుల్లోకి తోశాడు.

గుద్దలి తెల్లగా కాలింది. వీరేష్ దాన్ని పట్టుకారుతో తీసి దాగలి మీద పెట్టి సుత్తితో తట్టాడు. ఈశ్వరి సమ్మెట ఎత్తింది. భుజంలో ఎముక జరిగింది, ఈసారి వెనక్కి రాలేదు. ఆ నొప్పితోనే దించింది. అంచు సాగింది. మళ్ళీ ఎత్తింది. పది దెబ్బలకు అంచు సరిపోయింది. వీరేష్ సుత్తిని దాగలి పక్కకు ఆనించి రెండు చప్పుళ్ళు చేశాడు.

సమ్మెట మళ్ళీ లేచింది.

అతను తల ఎత్తాడు. దెబ్బ పడింది. రవ్వలు అతని గడ్డం దాకా ఎగిరాయి. రెండు చప్పుళ్ళు, గట్టిగా. సమ్మెట లేచింది, పడింది. అంచు మీద కాదు, ఈసారి ఇంకా లోపలికి, పట్టుకారు ఇనుమును కరిచిన చోటికి జానెడు దూరంలో.

"ఏమే! ఆపు!"

పడింది. బెత్తెడు దూరంలో. వీరేష్ ఎడమచెయ్యి మోచేతి దాకా తిమ్మిరెక్కింది. వదలడానికి లేదు. వదిలితే కాలిన ఇనుము ఎగిరి ఎవరి కడుపులో దిగుతుందో తెలియదు. తమ్ముడి తొడ అతనికి గుర్తుకొచ్చిందేమో, పట్టుకారును రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. రామప్ప వెనక్కి జరిగి తలుపును ఆనుకున్నాడు.

"ఈశ్వరీ, వద్దమ్మా! ఆయప్ప చెయ్యి పోతాది!"

"నేను కొట్టేదే లేదు గదా," అంది ఈశ్వరి. చీలిన పెదవితో మాట వంకరగా వచ్చింది. "పక్కన నిలబడుకోని ఉండా. ఇంగ నీకేం భయం?"

పడింది. పట్టుకారు మూతి వంగింది. వీరేష్ గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది, మాట కాదు. పట్టుకారు మీది అతని వేళ్ళను ఆమె చూసింది. ఇంకో బెత్తెడు జరిగితే చాలు. సమ్మెట ఆమె తల పైన ఆగింది. అతను కళ్ళు మూసుకున్నాడు. ఆమె దాన్ని గుద్దలి నడుమ దించింది. మళ్ళీ దించింది. తెలుపు పోయి ఎరుపు వచ్చింది, ఎరుపు పోయి నలుపు వచ్చింది. అప్పటికి గుద్దలి గుద్దలిలా లేదు.

ఈశ్వరి సమ్మెటను నేల మీద పెట్టింది. కుడిచెయ్యి పక్కన వేలాడుతోంది. ఎడమచేత్తో తొట్టిలో నీళ్ళు తీసుకుని నోరు పుక్కిలించి ఉమ్మింది. కొలిమి వెనక ఇంట్లోకి వెళ్ళి, క్లాసు కోసం పొద్దున కవర్లో పెట్టుకున్న ఆధార్ కార్డూ పాసుబుక్కూ తీసుకుని బయటికి నడిచింది.

"యాడికి పోతాండావ్?" అన్నాడు వీరేష్. అతను ఇంకా పట్టుకారు వదల్లేదు. వేళ్ళు విడిరావడం లేదు.

ఆమె వెనక్కి తిరగలేదు. "ఏమప్పా, అట్ల నిలబడితే ఎట్ల? పో, పిల్చకరా," అంటున్నాడు రామప్ప వెనక నుంచి. ఎవరూ రాలేదు.

అనంతపురం బస్సు ఖాళీగా ఉంది. ఆమె ఒక్క చేత్తో కమ్మీ పట్టుకుని ఎక్కింది.

"యాడికమ్మా?"

"అనంతపురానికి." అక్కడి నుంచి రాప్తాడు పోవాలి. రాప్తాడులో హైవే పక్కన హోటల్లో ఆమె చిన్నమ్మ కూతురు బయమ్మ రొట్టెలు చేస్తుంది. కూర్చుని, ఒక్క చేత్తో చేసే పని ఏదో ఒకటి ఉండకపోదు.

కండక్టరు ఆమె పెదవి చూసి టికెట్టు చింపాడు. బస్సు ఊరి మలుపు తిరిగి కొలిమి ముందు నుంచి వెళ్ళింది. తలుపు తెరిచే ఉంది. లోపల దాగలి మీద, ఎవరూ నీళ్ళలో ముంచని గుద్దలి జొన్నరొట్టెలా పలచబడి, అంచు మూడు చోట్ల చీలి, సమ్మెట మొహం ముద్రలు ఒకదాని మీద ఒకటి పడి, గాలికి మెల్లగా చల్లారుతోంది.