పన్నెండువందల మీటర్ల పలక

మూడో తూటా కూడా కిందికే పోయింది.

దూరాన వేలాడుతున్న ఇనుప పలక కింద ఎర్రమట్టి గుప్పున లేచి, గాలికి పక్కకి వాలింది. పలక మోగలేదు. తుపాకీ వెనక బోర్లా పడుకున్న బోయిటుమెలో తల ఎత్తకుండానే అంది.

"నా చెయ్యి కదల్లేదు రైకీ. గురి మర నువ్వు చెప్పినంతే తిప్పాను."

"నీ చేతినెవరన్నారే," అంది రైకీ. అరచేతిలో ఫోను చెమటకి జారుతోంది.

వెనకనుంచి నవ్వు. జట్టు నాయకుడు గిడియన్ మల్హెర్బ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"పాపం కోర్హాన్! పేరుకి పిట్టే. ఎగరడమే ఎవరూ నేర్పలేదు."

కోర్హాన్ ఒకటి, టారెంటాల్ ఒకటి. రెండూ పిట్టల పేర్లు పెట్టుకున్న, తూటా లెక్కలు కట్టే ఫోను యాప్‌లే. దూరం, ఎండ, గాలి ఒత్తిడి, తూటా వేగం ఇస్తే గురి ఎంత ఎత్తాలో చెబుతాయి. సోమవారం జట్టు విదేశంలో పోటీకి విమానం ఎక్కుతోంది. అందరి ఫోన్లలో ఒకే యాప్ ఉండాలి. రైకీ కోర్హాన్ అంది, జట్టులోని లౌరెన్స్ టారెంటాల్ అన్నాడు. ఎవరి యాప్ నెగ్గితే వాళ్ళే పోటీలో జట్టుకి గురి చెప్పాలి, ఓడినవాళ్ళు ఇంట్లో ఉండిపోవాలి. ఆ షరతు గిడియన్‌దే. ఒక్క పన్నెండువందల మీటర్ల పలక మీదే పరీక్ష అన్నదీ అతనే.

లౌరెన్స్ వంతు వచ్చింది. అదే తుపాకీ, అదే పెట్టెలోని తూటాలు, అదే బోయిటుమెలో. అతను ఫోను చూసి అంకె చెప్పాడు. తూటా పేలింది. కాసేపటికి పలక ఖంగుమంది. మళ్ళీ ఖంగుమంది.

"అయిపోయింది," అన్నాడు గిడియన్. "రెండు నెలలుగా కోర్హాన్, కోర్హాన్ అని మా చెవులు కొరికావు. ఆ యాప్ వాళ్ళు నీకేం పెట్టారో ఏమో!"

రైకీకి ఒళ్ళు మండింది. ఇంట్లో కూర్చోబెట్టడమే కాదు, అమ్ముడుపోయిందన్న ముద్ర కూడా వేసి పంపుతున్నాడు. ఈ చుట్టుపక్కల ఏ తుపాకీ క్లబ్బులోనూ ఇక ఆమె మాట చెల్లదు.

ఆమె ఫోను తెరిచింది. పొద్దున కాఫీ తాగేటప్పుడు దాన్ని బల్ల మీద వదిలేసింది. ఎవరైనా వేలు పెట్టారా? ఒత్తిడి చూసింది. సరిగ్గానే ఉంది. ఎండ, తూటా బరువు, తుపాకీ మీది దుర్భిణి ఎత్తు, ఏదీ మారలేదు. అయితే ఇక్కడ కాదు, ఇంకెక్కడో ఉంది మోసం.

"లౌరెన్స్, నీ ఫోను చూపించు."

"ఎందుకు?" అతను ఫోనుని జేబువైపు జరిపాడు.

"దాచుకునేదేం లేకపోతే చూపించడానికేం?"

అతను విసురుగా అందించాడు. రైకీ కళ్ళు ఒకచోట ఆగిపోయాయి. తూటా వేగం. పొద్దున యంత్రంతో కొలిచినప్పుడు వచ్చిన అంకె తన ఫోనులో ఉంది. లౌరెన్స్ ఫోనులో ఉన్నది అంతకన్నా బాగా తక్కువ.

"ఒక్క తుపాకీకి రెండు వేగాలా? దొరికావు లౌరెన్స్!"

"ఏంటి దొరికేది?" అతని మొహం ఎర్రబడింది. "పలకకి తగిలేదాకా యాప్‌లో వేగాన్ని సర్దుకోవడం నువ్వు చెయ్యవా? అందరం చేసేదేగా! బుధవారం ఇదే తుపాకీతో ఇక్కడే సాధన చేశాను. మొదట్లో నావీ కిందికే పోయాయి. తుపాకీ గొట్టం అరిగిందేమో అనుకుని యాప్‌లో వేగం తగ్గించాను, గురి ఇంకా ఎత్తమంది, తగిలాయి."

"బుధవారమా? నిన్నిక్కడికి ఎవరు రమ్మన్నారు?"

"గిడియన్ పిలిచాడు. పరీక్షకి ముందు చెయ్యి ఆడించుకో అన్నాడు."

"నన్ను పిలవలేదే!"

"నీకు సాధన అక్కర్లేదుగా," అన్నాడు గిడియన్. "అన్నీ తెలిసిన దానివి. కిందటి పోటీలో నలుగురిలో నా మాట కొట్టేశావు కదా, గుర్తులేదూ?"

అతని గొంతులో నవ్వు లేదు. రైకీ అది గమనించింది. వెళ్ళి బోయిటుమెలో పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"దగ్గర పలక మీద రెండు లెక్కలూ వేద్దాం. ఎనిమిదివందలది."

"పరీక్ష ముగిసింది," అన్నాడు గిడియన్.

"తూటాలు నావి. నీకేం నొప్పి?" అంది బోయిటుమెలో, తుపాకీ తిప్పుతూ.

కోర్హాన్ లెక్కతో వేసిన తూటా పలక నడిబొడ్డున తగిలింది. టారెంటాల్ లెక్కతో వేసింది పైఅంచు దాటి వెళ్ళిపోయింది.

దగ్గర గెలిచినది దూరాన ఓడింది. దూరాన గెలిచినది దగ్గర ఓడింది. తప్పు తన లెక్కది కాదు. తాను ఇచ్చిన దూరానిదే. రాసిన దూరం తప్పయినా గురి సరిగ్గా చెప్పిన యాప్‌కి, ఆ తప్పుడు దూరంలోనే ముందుగా ఎవరో పాఠం నేర్పించారు.

ఆమె సంచిలోంచి దూరం కొలిచే దుర్భిణి తీసింది.

కారు నీడలో కుర్చీ వేసుకున్న సారెల్ ఎస్టర్‌హైజెన్ లేచి నిలబడ్డాడు. పొలం ఆయనది, పలకలు ఆయనవి. ప్రతి దూరాన్నీ స్వయంగా కొలిచి రాళ్ళమీద రంగుతో రాశాడు. అందరికీ ఆయన సారెల్ ఊమ్, అంటే బాబాయి లాంటి పెద్దదిక్కు. ఆయన కొలిచిన దూరాన్ని మళ్ళీ కొలవడమంటే, విందుకి పిలిచిన ఇంట్లో వడ్డించిన మాంసాన్ని తూకం వేసి తిన్నట్టే. అందుకే ఇక్కడికొచ్చేవాళ్ళెవరూ ఈ పరికరాన్ని సంచిలోంచి తియ్యరు.

"నా పొలంలోనా పిల్లా?" అన్నాడు ఆయన మెల్లగా. "మీ నాన్న ఉంటే సిగ్గుపడేవాడు."

"నేను కొలవను ఊమ్. మీరే చూడండి."

ఆమె రెండు చేతులతో దాన్ని ఆయనకి అందించింది. ఆయన తీసుకోలేదు. ఆయన అల్లుడు గిడియన్ ముందుకొచ్చాడు. మామని అతను 'పా', అంటే నాన్న, అనే పిలుస్తాడు.

"వదిలెయ్యండి పా. ఓడిపోయినవాళ్ళు ఇలాగే మాట్లాడతారు. గొర్రెలు రాసుకుని పలక జరిగిందేమో, లేదా కాపర్లెవరో జరిపారేమో."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది. పలక జరిగిందని అక్కడ ఇంకా ఎవరూ అనలేదు.

సారెల్ అల్లుడి మొహంలోకి చూశాడు. తర్వాత దుర్భిణి అందుకుని కంటికి పెట్టుకున్నాడు. ఒకసారి నొక్కాడు. చేతులు తుడుచుకుని మళ్ళీ నొక్కాడు.

"పన్నెండువందల నలభై," అన్నాడు. "నేను రాసింది పన్నెండువందలు."

ఆయనే బక్కీ ట్రక్కు ఎక్కి స్టార్ట్ చేశాడు. మిగతావాళ్ళు వెనక ఎక్కారు. పలక దగ్గర దిగి చూస్తే, ఇనుప చట్రం వెనక్కి జరిగిన దారి పొడవునా ముళ్ళకొమ్మతో ఊడ్చిన గీతలున్నాయి. పాతచోట చట్రం కాళ్ళ గుంటల్లో మట్టి కప్పి ఉంది. ఆ ఊడ్పు అంచున, పొద మొదట్లో, వెడల్పాటి చక్రం గుర్తు ఒకటి మిగిలిపోయింది.

"కాపర్లు ఎత్తుకెళ్ళారా దీన్ని?" బోయిటుమెలో చట్రాన్ని కాలితో తన్నింది. అది రవ్వంత కూడా కదల్లేదు. "వాళ్ళ పేరెత్తడానికి నోరెలా వచ్చింది గిడియన్?"

"నా లోడర్ ట్రాక్టర్ చక్రమిది," అన్నాడు సారెల్. "వారం మొదట్లో నేను కింబర్లీలో కంటి ఆసుపత్రిలో ఉన్నాను. దాని తాళం చెవి జేబులో వేసుకెళ్ళలేదు. ఒకరి చేతికిచ్చాను."

"ఎండ మండిపోతోంది పా," అన్నాడు గిడియన్. "ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం. మన ఇంటి సంగతి."

"మీ ఇంటి సంగతా?" లౌరెన్స్ అతని మీదికి వెళ్ళబోయాడు. "నన్ను అడ్డం పెట్టుకుని దొంగాట ఆడతావా!"

బోయిటుమెలో అతని చొక్కా పట్టుకుని ఆపింది. అందరూ రైకీవైపు తిరిగారు. ఆమె మాత్రం ముసలాయననే చూస్తోంది.

"నేను చెబితే, నా చోటు నిలబెట్టుకోవడానికి చెప్పానంటారు ఊమ్. అమ్ముడుపోయానన్న మాట ఇంకా నా మీదే ఉంది. తాళం ఇచ్చింది మీరు. పేరు మీరే చెప్పాలి. అందరూ వినేలా."

సారెల్ టోపీ తీశాడు. నెత్తిమీది చెమట తుడుచుకున్నాడు. ఈ పేరు నోట్లోంచి వచ్చాక రాత్రి కూతురి మొహం ఎలా చూడాలో ఆయనకి తెలియనట్టుంది. గిడియన్ ఒక అడుగు ముందుకేశాడు.

"పా, మీ అమ్మాయి..."

"నోరు మూసుకో!" ముసలాయన గర్జించాడు. ఆ తర్వాత బక్కీలో వచ్చినవాళ్ళందరికీ వినపడేంత గట్టిగా, ఒక్కో మాటే కూడదీసుకుంటూ చెప్పాడు.

"ఈ పిల్ల తప్పేం లేదు. లోడర్ తాళం నా అల్లుడికిచ్చాను. ఈ పలక జరిపింది గిడియన్. గిడియన్ మల్హెర్బ."