మోటారు లేని ట్యాంకు

జడ వేసుకుందామంటే కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవలేదు. ఎడమచేత్తోనే ఎలాగో ముడి చుట్టుకుంటుంటే అత్త చూసింది. "ఏమే మస్తానమ్మా, ఆఫీసర్లు వచ్చే పూట ఆ ముడేందే, పీనుగ దగ్గర కూర్చున్నట్టు?" అంది.

మాచర్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ కాలనీలో, మురుగునీళ్ళు శుభ్రంచేసే చోటే మా క్వార్టరు. మా ఆయన పోలయ్య అక్కడ ఆపరేటరు. ఇంకా పర్మనెంటు కాలేదు. నీళ్ళ అడుక్కి దిగిన మడ్డిని మూతేసిన ట్యాంకులో మురగబెడితే గ్యాసు వస్తుంది. దాంతో క్యాంటీను పొయ్యి మండుతుంది. మడ్డి గడ్డకట్టకుండా లోపల రెక్కలు తిరుగుతుండాలి. వాటిని తిప్పే మోటారు కరెంటు తెగ తాగేస్తోందని ఇంజనీరు సుందరరావుగారు బాధపడుతుంటే, "మోటారు ఆపేయండి సార్. కరెంటు పోయినప్పుడు తిప్పే చక్రం ఉందిగా, చేత్తో తిప్పుకుంటాం" అన్నాడట మా ఆయన. ఇంటికొచ్చి నాతో, "రేపట్నుంచి తిప్పు" అన్నాడు.

ఎనభై అయిదో సంవత్సరం వానాకాలం నుంచి తిప్పుతున్నాను. ఎసరు పెట్టి వెళ్ళి తిప్పి, వచ్చి బియ్యం పోసి, మళ్ళీ వెళ్ళి తిప్పి. చలికి మడ్డి చిక్కబడితే చక్రం కదలదు. ఒళ్ళంతా దానిమీద వేసి నెట్టాలి. "తిరగలి తిప్పిన చేతులేగా, అరిగిపోతాయా ఏంది?" అంటుంది అత్త. పక్కలో ఆయన మొహం అటు తిప్పుకుని, "చానా వాసనొస్తన్నావు, ఎడంగా పడుకో" అంటాడు. ఆ వాసన నీ ఉద్యోగానిదే అనుకుంటూ గోడవైపు జరుగుతాను. క్యాంటీనులో వండే సైదాబీ అక్క మాత్రం అదే గ్యాసు మీద బిందెడు నీళ్ళు కాచి తెస్తుంది. "ముందు ఆ భుజాన పోసుకోవే పిల్లా, ఈ మంట నీదేగా" అంటుంది. తడిక చాటున ఆ వేడినీళ్ళు పోసుకునేంతసేపూ నన్నెవరూ పిలవరు.

పెద్దాఫీసరు వచ్చాడు. మా ఆయన ఉతికిన చొక్కా తొడుక్కుని చక్రం పట్టుకు నిలబడ్డాడు. నాకు ముందే చెప్పాడు: "టీ ఇచ్చి లోపలికి పో. నోరు తెరిచావో, నా పర్మనెంటు మట్టిలో కలిసిద్ది." కరెంటు వాడకం సగానికి తగ్గిందని సుందరరావుగారు చెబుతుంటే పెద్దాఫీసరు మా ఆయన భుజం తట్టాడు. నా భుజం జివ్వుమంది.

"చక్కటి పద్ధతి! కొత్తగా కట్టే రెండో ట్యాంకుకి అసలు మోటారే వద్దు. ఇలాగే నడుపుదాం. ఏమయ్యా, చూసుకోగలవా?" అన్నాడు పెద్దాఫీసరు.

"అట్టాగేనండి" అన్నాడు మా ఆయన, నావంక చూడనైనా చూడకుండా.

ఖాళీ గ్లాసులు పళ్ళెంలోకి తీసుకున్నాను. భయమేసింది. ఈయన పర్మనెంటు కాకపోతే ఈ క్వార్టరుండదు. అత్త నన్ను బతకనివ్వదు. రెండో చక్రం కూడా వచ్చిందంటే ఈ చెయ్యి ఉండదు. ఆ సంగతి ఇక్కడున్నవాళ్ళలో నాకొక్కదానికే తెలుసు. లోపలికి పొమ్మని మా ఆయన కళ్ళెర్రజేశాడు. పళ్ళెం గట్టుమీద పెట్టి అక్కడే నిలబడ్డాను.

"అయ్యా," అన్నాను పెద్దాఫీసరుతో, "ఈ ట్యాంకు తిప్పేది నేను. ఆ రెండోదానికి ఎవరి పెళ్ళాన్ని పెడతారు?"