జిన్నై గొంతు

కురాహషి తెయ్‌జికి డెబ్భై మూడేళ్లు. అందులో ముప్ఫై తొమ్మిదేళ్లు ఒక బొమ్మకి గొంతుగా బతికాడు.

ఆ బొమ్మ పేరు జిన్నై. టీవీలో ‘మూడు తాళాల ముఠా’ కార్టూన్ చూడకుండా పెరిగినవాళ్లు మాలో ఎవరూ ఉండరు. నలుగురు దొంగలు. నాయకుడు వట్టి వాగుడుకాయ. తుపాకీవాడికి నోరు తెరిస్తే వెటకారం. మూడో మనిషి ఒకావిడ, ఆవిడ నవ్వితే చాలు బీరువాలు వాటంతటవే తెరుచుకుంటాయి. నాలుగోవాడు జిన్నై, ఏ కాలంలోనో దారి తప్పి ఈ కాలంలోకి వచ్చిన సమురాయ్. కత్తి దూస్తాడు, పోలీసు కారు రెండు చెక్కలవుతుంది, కత్తి ఒరలో పెట్టి వెళ్లిపోతాడు. మాట్లాడడు. మరీ తప్పకపోతే ‘వద్దు’ అంటాడు, ‘పద’ అంటాడు, లేకపోతే ‘హుఁ’ అంటాడు.

రికార్డింగు గదిలో మిగతా ముగ్గురూ మైకుల ముందు గంటలకొద్దీ అరిచి చెమటలు కక్కుతుంటే కురాహషి పెద్దవాళ్లు కూర్చునే మధ్య కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చునేవాడు. తన వంతు రాగానే లేచి, కాగితం చప్పుడు కాకుండా తిప్పి, ‘వద్దు’ అనేసి వచ్చి కూర్చునేవాడు. వీధుల్లో పిల్లలు అనుకరించింది మాత్రం ఆ ‘వద్దు’నే. నాయకుడి వాగుడు ఎవడికీ గుర్తులేదు. ఈ సంగతి కురాహషికి తెలుసు, అయినా కడుపు నిండలేదు. నటుడన్నాక నాలుగు మాటలు మాట్లాడాలని ఉండదూ? ముప్ఫై తొమ్మిదేళ్లలో జిన్నై నోట వచ్చిన అతి పొడుగు వాక్యం పదకొండు మాటలు. అది ఏ భాగంలోదో, ఆ రోజు బయట ఎండో వానో కూడా ఆయనకి జ్ఞాపకం.

ఇంట్లోనూ అదే ధోరణి. భార్య మినెకో ఏం అడిగినా ‘హుఁ’. అన్నం పెట్టనా, హుఁ. చెల్లెలు వస్తానంటోంది, హుఁ. “పెళ్లి చేసుకున్నది మిమ్మల్నా, ఆ కత్తివాణ్ణా?” అని ఆవిడ ఎన్నిసార్లు దెప్పిందో లెక్కలేదు.

కిందటేడు చివర్లో గొంతులో కండ పెరిగిందని డాక్టర్లు కోసి తీసేశారు. ప్రాణానికి ఏమీ కాలేదు గానీ గొంతు మాత్రం చిరిగిన గుడ్డలా మిగిలింది. “ఇక ఇంతేనండి, ఇంతకన్నా బాగుపడదు” అని డాక్టరు మొహం మీదే చెప్పాడు. కురాహషి ఆ మాట చెవిన వేసుకోలేదు. ఎందుకంటే ఆ వెంటనే వచ్చిన కొత్త సంవత్సరం విందులో, ముఠా కథలన్నీ రాసే ఉసామి బాగా తాగి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

“ఒరేయ్ కురా, కొత్త సినిమాలో నీవాడు మాట్లాడతాడు రోయ్. ఒక మాటా రెండు మాటలా? పేజీ! నిండు పేజీ!”

ఆ రాత్రే సిగరెట్లు మానేశాడు. రోజూ పొద్దున్నే అరకావా నది గట్టు ఎక్కి, రైలు వంతెన కింద నిలబడి, పైన రైలు పోతున్నంతసేపూ గొంతెత్తి అరవడం మొదలుపెట్టాడు. రైలు చప్పుడులో ఎవరికీ వినపడదని ధైర్యం. తనకీ వినపడదన్న సంగతి మాత్రం ఆయనకి తట్టలేదు. ఇంటికొచ్చి తేనెలో నానేసిన ముల్లంగి రసం తాగేవాడు. ఏప్రిల్లో అన్న రికార్డింగు జూన్‌కి వాయిదా పడింది, జూన్‌ది మళ్లీ వాయిదా పడింది. “కాస్త ఆలస్యమవుతోందండీ” అంది ఆయన పనులు చూసే ఏజెన్సీ ఆవిడ, ఒకుమురా. నా గొంతు కోసమే ఆగుతున్నారనుకున్నాడు కురాహషి. మంచివాళ్లు అని కూడా అనుకున్నాడు, పాపం.

జూన్ నెల, ముసురు పట్టిన మధ్యాహ్నం. మినెకో బజారుకి వెళ్లింది. వీధి తలుపు గంట మోగితే కురాహషే వెళ్లి తీశాడు.

గుమ్మంలో ముప్ఫై ఏళ్లవాడు ఒకడు, ఆ ఉక్కపోతలో నల్ల కోటు, నల్ల టై. గొడుగు బయటే వదిలి, చేతిలోని మూటని మాత్రం తడవకుండా పొదివి పట్టుకున్నాడు. నడుము విరిగిందా అన్నంతగా వంగాడు.

“తకిగుచి నావోయా అంటారండి నన్ను. మీ దర్శనానికి వచ్చాను గురువుగారూ.”

చాప గదిలో కూర్చోబెట్టాడు. కుర్రవాడు చాప మీద మోకాళ్ల మీద కూర్చుని మూట విప్పి, యోకాన్ మిఠాయి పెట్టెని రెండు చేతులతో ఆయన వైపు జరిపాడు. ఆ పెట్టె ఎందుకు వచ్చిందో కురాహషికి చూడగానే తెలిసింది.

మా వృత్తిలో ఈ మర్యాద ఒకటి ఉంది. ఒకరి పాత్ర ఇంకొకరి చేతికి పోయేటప్పుడు, కొత్తవాడు నల్ల బట్టలు వేసుకుని, మిఠాయి పెట్టె పట్టుకుని పాతవాడి ఇంటికి వస్తాడు. పాతవాడు ‘ఇకనుంచి వాణ్ణి నువ్వే చూసుకో’ అంటాడు. ఆ ఒక్క మాట పడితే పాత్ర చేతులు మారినట్టే, ఆ తర్వాత ఎవరూ నోరెత్తరు. ఆ మాట పడకుండా మైకు ముందు నిలబడేవాణ్ణి మనిషిగా చూడరు. సరిగ్గా పెరిగినవాడెవడూ నిలబడడు కూడా.

ఈ తకిగుచి మహా సరిగ్గా పెరిగినవాడు. మాట ఖాయమైన మర్నాడే బయల్దేరి వచ్చేశాడు. ముసలాయనకి ముందు చెప్పాల్సింది ఒకుమురా. ఆవిడ మూడుసార్లు ఫోను తీసి, మూడుసార్లూ నోరు రాక పెట్టేసింది. ముసురు తగ్గాక చెబుదాంలే అనుకుందట. ఈ లోపల మర్యాద నడిచి వచ్చి ఇంట్లో కూర్చుంది.

“ఒకుమురాగారు మీకు అన్నీ చెప్పే ఉంటారు…” అన్నాడు తకిగుచి, తల ఎత్తకుండానే.

“చెప్పింది” అన్నాడు కురాహషి. గొంతు జీరగా, సగం గాలిగా వచ్చింది.

ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు. ముప్ఫై తొమ్మిదేళ్ల సాధన ఉంది కదా, కనీసం దానికైనా పనికొచ్చింది. లోపల మాత్రం ఒకుమురాని, నిర్మాతని, తాగి వచ్చి ఊరించిన ఉసామిని వరసపెట్టి తిట్టుకున్నాడు. వంతెన కింద తాను చించుకున్న గొంతు తలుచుకుంటే సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది.

తకిగుచి కళ్లు బల్ల మీది ముల్లంగి రసం గ్లాసు మీద పడ్డాయి. పక్కనే గొంతు కసరత్తుల పుస్తకం, దాన్నిండా ఎర్ర పెన్సిలు గీతలు. కుర్రవాడు వాటినీ ముసలాయన్నీ మార్చి మార్చి చూశాడు.

“గురువుగారూ… మీకు… ఇంకా ఎవరూ చెప్పలేదా?”

“చెప్పిందన్నానుగా.”

“నేను మళ్లీ వస్తానండి. పెద్ద తప్పు చేశాను. నన్ను…”

“కూర్చో. కాగితాలు తెచ్చావా?”

తెచ్చాడు. సంచీలోంచి తీసి ఇచ్చిన సినిమా కాగితాల్లో కురాహషి నేరుగా తొంభై రెండో పేజీకి పోయాడు. ఆ పేజీ సంఖ్య ఉసామి ఆరోజు తాగిన నోటితోనే చెప్పాడు. చదివాడు. మళ్లీ చదివాడు. ఉసామి అబద్ధం చెప్పలేదు. నిండు పేజీ.

ఆయన మనసులో ఒక్కటే ఉంది. వీడు చదవాలి, ఒక్క తప్పు దొరకాలి. ఒక్కటి దొరికితే చాలు, ఆ మాట అనను. పెట్టె వెనక్కి తోసేస్తాను. నేను అననంతకాలం జిన్నై నావాడే, గొంతు లేకపోయినా నావాడే. వాళ్లు సినిమా ఆపుకుంటారో, ఆ పేజీ చింపి పారేస్తారో వాళ్ల ఖర్మ.

“చదువు” అన్నాడు.

తకిగుచి కాగితాన్ని చప్పుడు కాకుండా తిప్పాడు. ముక్కుతో ఒకసారి గాలి పీల్చాడు. ఆ పీల్చడం వినగానే కురాహషి వెన్ను నిటారయింది. అది తన ఊపిరే.

“మీ ముగ్గురూ నా మౌనాన్ని గొప్ప అనుకున్నారు. కాదు. చిన్నప్పుడు నా చేతికి కత్తి ఇచ్చారు. మాటలు ఎవరూ ఇవ్వలేదు. మీరు వంటింట్లో చేరి కూటి దగ్గరా పంపకాల దగ్గరా తగువులాడుకుంటుంటే గోడకి ఇవతల కూర్చుని వినేవాణ్ణి. ఆ తగువులు వినడానికే ఇన్నేళ్లు మీతో ఉన్నాను. దొంగతనం నాకెందుకు? ఇవాళ కత్తి విరిగింది. ఇప్పుడైనా చెబుదామంటే, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు…”

కురాహషి చెవులు రిక్కించి తప్పు వెతికాడు. ఎక్కడా లేదు. మాట చివర అణచడం తనదే. ‘ఎందుకు’ అన్నచోట కొద్దిగా గాలి జారడం కూడా తనదే. ఒకప్పుడు ముందు పన్ను ఊడి ఆరు నెలలు కట్టించుకోలేదు, అప్పుడు అబ్బిన దోషం అది. పన్ను కట్టించుకుని ఇరవయ్యేళ్లయింది. తాను మరిచిపోయిన తొర్రిని కూడా వీడు భద్రంగా దాచుకున్నాడు. ఆరేళ్లప్పటినుంచీ టీవీ ముందు కూర్చుని నేర్చుకున్నాడట.

అప్పుడే వంటింట్లో సంచులు దింపిన చప్పుడయింది. మినెకో పెరటి తలుపున వచ్చింది. వీధి గుమ్మంలోని చెప్పుల జత ఆవిడ చూడలేదు. గదికీ వంటింటికీ మధ్య కాగితం తలుపు మూసే ఉంది.

“ఏవండీ!” ఆవిడ గొంతు ఎప్పుడూ లేనంత పైకి లేచింది. “ఏవండీ, వచ్చేసిందండీ మీ గొంతు! నేను సంచులు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. డాక్టరుకి ఏం తెలుసులెండి! ఆ పాడు ముల్లంగి రసమే పనిచేసింది, నేను చెప్పలేదూ?”

తకిగుచి కాగితాన్ని మెల్లగా చాప మీద పెట్టాడు.

“ఏమిటండీ, ఏం పలకరు? ఆ కత్తివాడు కూడా ఇన్నాళ్లకి నోరు విప్పాడు, మీకేం రోగం? వంటింట్లో మాటలు గోడవతలనుంచి వినేవాడట! విన్నారా? నాకు ఒక్కరోజైనా చెప్పారా అలాంటి మాట?” నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. “కనీసం ఆ ‘హుఁ’ అయినా అనండి.”

తకిగుచి బిక్కచచ్చి ముసలాయన వైపు చూశాడు. కురాహషి నోరు తెరిచాడు. తెరిస్తే బయటికొచ్చేది ఏమిటో ఆయనకి తెలుసు. మూసుకున్నాడు. కుర్రవాడి వైపు గడ్డం ఎగరేశాడు. నువ్వు అను.

తకిగుచి తల అడ్డంగా ఊపాడు. కురాహషి మళ్లీ గడ్డం ఎగరేశాడు, ఈసారి కోపంగా.

“హుఁ” అన్నాడు తకిగుచి.

“అమ్మయ్య!” అంది మినెకో. “ఉండండి, ఒకుమురాగారికి ఫోన్ చేస్తాను. పాపం, ఇన్నాళ్లు మీ కోసమే కదా ఆగారు. మీ చేత ఫోన్‌లో ఒక్క మాట అనిపిస్తాను, ఆవిడా సంతోషిస్తుంది.”

గోడకున్న ఫోను తీసిన చప్పుడు. అంకెలు ఒక్కొక్కటే నొక్కుతోంది. ఆవిడకి కళ్లద్దాలు లేకపోతే ఆలస్యమవుతుంది.

అవతల ఒకుమురా ఫోను ఎత్తి, మినెకో సంబరాన్ని మింగలేక కక్కలేక అవస్థపడటం కురాహషికి ముందే వినిపించింది. ఆవిడ జాలిపడుతుంది. ఆ జాలి మినెకో చెవిన పడుతుంది. దానికి ఒప్పుకోలేకపోయాడు. పెట్టె ఇంకా ఇద్దరి మధ్యా ఉంది. దాన్ని తన వైపు లాక్కుని, చేతులు చాప మీద ఆనించి తల వంచాడు.

“ఇకనుంచి జిన్నైని నువ్వే చూసుకో.”

వంటింట్లోకి వినపడాలని గట్టిగానే అన్నాడు. ఆ చిరిగిన గొంతు ఎంత గట్టిగా పలకగలదో అంత గట్టిగా అన్నాడు. అంకెల చప్పుడు ఆగిపోయింది.

తకిగుచి నుదురు చాపకి ఆనించి అలాగే ఉండిపోయాడు. వాణ్ణి చూసి జాలిపడే ఓపిక కురాహషికి లేదు. వాడి మీద కసి కూడా మిగల్లేదు, అదే ఎక్కువ బాధ. తప్పు దొరికి ఉంటే బాగుండేది.

కొంతసేపటికి కాగితం తలుపు పక్కకి జరిగింది. మినెకో నల్ల కోటు చూసింది, యోకాన్ పెట్టె చూసింది. నటుడి భార్యగా నలభై నాలుగేళ్లున్న మనిషికి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. గుమ్మంలోనే మోకాళ్ల మీద కూర్చుని కుర్రవాడికి వంగి నమస్కారం పెట్టింది. “మా ఇంట్లో మనిషిని మీకు అప్పగిస్తున్నాం, దయ ఉంచండి” అంది. తర్వాత పెట్టె తీసుకెళ్లి, మిఠాయిని ముక్కలు కోసి, టీ పెట్టి తెచ్చింది. లావు ముక్క తకిగుచి పళ్లెంలో వేసింది. వాడు అది కష్టపడి మింగాడు. వెళ్లేటప్పుడు గుమ్మంలో ఒకసారి, గేటు దగ్గర ఒకసారి, మలుపు దగ్గర ఒకసారి వంగాడు. గొడుగు మరిచిపోయి వానలోనే వెళ్లాడు.

మినెకో పళ్లేలు తీస్తూ ముల్లంగి రసం గ్లాసు కూడా పళ్లెంలో పెట్టుకుంది. వంటింటి గుమ్మం దగ్గర ఆగింది. వెనక్కి తిరగలేదు.

“ఆ ‘హుఁ’ అన్నది కూడా అతనేనా?”

కురాహషి బల్ల మీది కసరత్తుల పుస్తకం మూసేశాడు.

“హుఁ” అన్నాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. ఆవిడ కుళాయి తిప్పి గ్లాసు కడగడం మొదలుపెట్టింది.