వనజ చెప్పిన గది

వాన వెలిసిన పొద్దు. కిటికీ జాలి మీద ఇంకా నీళ్లు. బయటి నుంచి తడిమట్టి వాసన, లోపల కొత్త రంగు వాసన.

వనజ గడప దగ్గరే ఆగిపోయింది.

ఆ గది ఆమెకు తెలుసు.

ఆ ఇంట్లో అడుగు పెట్టడం అదే మొదలు. కరీంనగర్ శివారులో చెల్లెలు సృజన, మరిది భానుప్రసాద్ కట్టుకున్న ఇల్లు. గృహప్రవేశం ఆ రోజే. అయినా ఆ గదిలో ఎక్కడ ఏముందో కళ్లు మూసుకుని చెప్పగలదు.

మోకాలెత్తు నుంచే మొదలయ్యే కిటికీ — లోపలే కూర్చునేంత వెడల్పు అరుగుతో.

పాలు పట్టిన జొన్నకంకి రంగు గోడలు.

మంచం తలాపున చిన్న గూడు — ఒక మంచినీళ్ల చెంబు, ఒక దువ్వెన పట్టేంత.

తొమ్మిదేళ్లుగా వనజ మనసులో కట్టుకుంటున్న గది...

చొప్పదండిలో ఆమె ఇంటికి ఉన్నవి రెండే గదులు. ముందు గది నిండా రెండు సాంచెలు — భర్త సాంబయ్య పొద్దంతా నడిపే మరమగ్గాలు. వెనక గదిలోనే వంట, పడక, ఇద్దరు పిల్లలు. దూది నూగు అన్నిటి మీదా వాలేది. అన్నం మీద. అద్దం మీద. కనురెప్పల మీద.

పెళ్లికి ముందు సృజన అక్కడే, అక్క దగ్గరే ఉండేది. సాంచెల చప్పుడులో నూలు కండెలు చుడుతూ వనజ దాదాపు అరిచి చెప్పేది.

"ఎప్పుడన్న నాకంటూ ఒక అర్ర కట్టుకుంటనే. కిటికీల కూసుంటే వానగాలి మొకానికి తాకాలె."

"నన్ను రానిస్తవా అక్కా?"

"చూస్త తియ్."

ఇద్దరూ నవ్వేవారు.

ఇప్పుడు అదే సృజన, చంకలో పది నెలల పాపతో, ముఖమంతా వెలుగుతో...

"ఎట్లున్నదక్కా? నువ్వు చెప్పినట్టే చేయిచ్చిన. యాదికున్నదా?"

యాదికుంది.

తడిగాలి వచ్చి వనజ ముఖాన్ని తాకింది. తను అనుకున్నట్టే. అనుకున్నంత చల్లగానే.

కడుపులో ఏదో భగ్గుమంది.

"రంగు మంచిగనే ఉన్నది. కిటికీ గంత కిందికి పెట్టిచ్చినవేందే? ఎనుకంత గడ్డి. పాములొస్తయి, తేళ్లొస్తయి. పాప పాకుతున్నది గదా."

కిటికీకి సన్నని జాలి ఉంది. చీమ కూడా దూరదు. వనజ చూసింది.

చూసే అంది.

చెల్లెలి ముఖంలో వెలుగు తగ్గింది. ఆ తగ్గడం బాగుంది వనజకు. తిరుగు బస్సులో, అద్దం మీద వాన కొడుతుంటే, చొప్పదండి దాకా అది బాగానే ఉంది.

తరువాత వాన పడ్డప్పుడల్లా ఒకటే తలపు — ఆ కిటికీలో ఎవరు కూర్చున్నారో.

ఒకరోజు చిన్న రంగు డబ్బా కొనుక్కొచ్చింది. మంచం వెనక గోడకు వేసింది, అదే జొన్నకంకి రంగు. మధ్యాహ్నానికల్లా తడి రంగుకు నూగు అంటుకుంది. గోడకు వెంట్రుకలు మొలిచినట్టు.

సాంబయ్య చాలాసేపు చూశాడు.

"ఆరేదాక సాంచెలు బందు పెట్టాల్నా?"

"వద్దు."

ఆయన అంత మెత్తగా అడిగినందుకు ఇంకా కోపం వచ్చింది. ఆయన మీద కాదు. ఆ ఇంటి మీద. ఆ వానగాలి మీద. తన మాటను ఇటుకలతో కట్టగలిగిన చెల్లెలి మీద.

బతుకమ్మ పండుగ ముందు చెల్లెలికి జాకెట్టు ముక్క పెట్టడానికి మళ్లీ కరీంనగర్ వెళ్లింది. కాళ్లు కడుక్కుని నేరుగా ఆ గదిలోకే నడిచింది.

చీకటి.

కిటికీ సగం దాకా ఇటుకలు. ఇంకా పూత వేయని పచ్చి గోడ. కూర్చునే అరుగు లేదు. పైన మిగిలిన సందులోంచి గాలి వస్తోంది కానీ ఎవరి ముఖానికీ తాకడం లేదు.

"మేస్త్రీని పిలిచి కట్టిచ్చినక్కా," అంది సృజన. "మా ఆయన వద్దన్నడు. మా అక్క ఊకెనే అంటదా అన్న నేను."

వనజ ఇటుకల మీద చేయి పెట్టింది.

"మంచిగుండె అక్కా ఆ జాగ," చెల్లెలు మెల్లగా అంది. "రోజు పొద్దుగాల అండ్లనే కూసుంటుంటి. పాపకు పాలిచ్చుకుంట."

కడుపులో మంట ఇప్పుడైనా చల్లారాలి. చల్లారలేదు. రోజూ కూర్చుందట... రోజూ.

అయినా మాట దానంతటదే వచ్చింది.

"జాలి ఉండె. పాములు రావు."

"ఏందక్కా?"

"నేను జాలి చూసిన సృజనా. చూసే అన్న."

సృజన పాపను కిందికి దించింది. అక్క వంక చూసింది — సాంచెల చప్పుడులో మాట వినబడనప్పుడు చూసేదే, అలా, పెదవుల వైపు.

"మరి గట్లెందుకన్నవ్?"

"గది నాది గదనే."

బయట మబ్బు పట్టింది. గదిలో ఉన్న కొంచెం వెలుతురూ పోయింది. పాప పాకుతూ పోయి, ఇటుకలు పట్టుకుని లేచి నిలబడి, అరచేతితో గోడను తడుతోంది.

సృజన అడిగింది. గొంతులో కోపం లేదు. ప్రేమా లేదు.

"మేస్త్రీ రేపు పూత ఎయ్యనీకి వస్తడు. మళ్ల పగులగొట్టుమనాల్నా?"

ఊఁ అనాలి.

ఒక్క ఊఁ — చెల్లెలు మళ్లీ ఆ కిటికీలో కూర్చుంటుంది.

వనజ నోరు తెరిచింది... చెల్లెలు ఎదురుచూస్తోంది.