ఒక సైజు తక్కువ

కొంగలు ఎక్కడెక్కడికి వెళ్తాయో తెలుసుకోవడానికి వాటి పిల్లల కాళ్లకు నంబరున్న లోహపు రింగులు తొడగడం ఆ అమ్మాయి నేర్చుకుంటున్న పని. ముప్పై పిల్లలకు తన చేత్తో తొడిగితే పరీక్ష పూర్తవుతుంది. ముసలి అధికారి సంతకం పెడితే పర్మిట్ వస్తుంది. పర్మిట్ ఉంటేనే ఉద్యోగం. ఇంట్లో అక్క అప్పటికే రెండుసార్లు అడిగింది, "పిట్టల వెంట ఇంకెన్నాళ్లు తిరుగుతావే?" అని.

పరీక్షకు అదే ఆఖరి రోజు. ఇరవై ఏడు అయ్యాయి. చివరి గూట్లో మూడు పిల్లలున్నాయి గాని మరీ చిన్నవి. వాటికి తొడగాల్సిన రింగు పాదం మీదుగా జారిపోతోంది. అలాంటప్పుడు వదిలేసి, కాలు పెరిగాక రావాలి. ఆమెకు ఆ సంగతి తెలుసు. అయినా పెట్టెలోంచి ఒక సైజు తక్కువ రింగులు తీసి మూడింటికీ నొక్కింది.

ముసలాయన పక్కనే నిలబడి చూస్తున్నాడు. పుస్తకంలో ముప్పై అని రాసుకున్నాడు.

"అయిందా?"

"అయింది సార్."

"పద."

తిరుగుదారిలో పడవవాడు ఆమె చెవిలో అన్నాడు, "ఈయన రెండు ముక్కలకు మించి మాట్లాడిన రోజు మన పడవ మునుగుతుందమ్మా." ఆమె నవ్వింది.

సంతకానికి ముందు తనిఖీ ఉంటుంది. మూడు వారాల తర్వాత ఆయన ఆమెను మళ్లీ ఆ గూటికే తీసుకెళ్లాడు. పిల్లల కాళ్లు లావెక్కాయి. రెండింటికి రింగు చుట్టూ చర్మం వాచింది. ఆమె ఆ రింగులు కత్తిరించి తీసేసింది. మూడోదాని కాలు రింగు కింద నల్లబడి, వేళ్లు ఎండుపుల్లల్లా ముడుచుకుపోయాయి.

"సార్, ఆ రోజు మీరు చూశారు కదా?"

"చూశాను."

"ఒక్క మాట అనుంటే అప్పుడే తీసేసేదాన్ని."

"తీసేసేదానివి. వచ్చే ఏడు మళ్లీ తొడిగేదానివి. మా సారు నాకూ ఇలాగే నేర్పారు. నాకు అయిదు పోయాయి. నీకు ఒక్కటే."

ఆ మాటలో వెటకారం లేదు. ఆయన నిజంగానే మెచ్చుకున్నాడు.

ఆ మూడో పిల్లను అట్టపెట్టెలో పెట్టుకుని వచ్చారు. ఆఫీసులో ఆయన కళ్లజోడు తుడుచుకుని ఫారం తీశాడు. 'శిక్షణలో కోల్పోయిన పిల్లలు' అన్న గడి మీద కలం ఆగింది.

"ఎంత వెయ్యమంటావ్?"

"ఇంకా బతికే ఉంది సార్. పశువుల డాక్టరు కాలు తీసేసి బతికిస్తారేమో."

"చూపించు. కాలు ఎందుకు పోయిందో ఆయన రాస్తాడు. ఆ కాగితం పైకి వెళ్తుంది, నీ పర్మిట్ ఇక్కడే ఉంటుంది."

"మీరు చూసి ఊరుకున్నారని కూడా నేను రాస్తాను."

"రాయి. నాకు నాలుగు నెలల్లో రిటైర్మెంటు. నీకు?"

టేబుల్ కింద అట్టపెట్టెలో పిల్ల గోకుతోంది. ఆమె చాలాసేపు వింది.

"సున్నా వెయ్యండి," అంది.

ఆయన సున్నా వేసి, సంతకం చేసి, సిరా ఆరేదాకా ఊదాడు.

"డాక్టరు నాలుగింటికి వస్తాడు. ఈలోపు అది ఎవరి కంటా పడకూడదు. షెడ్డులో పార ఉంది. మెడ పట్టుకుని ఒక్కసారే తిప్పు. మెల్లగా చేస్తే దానికే బాధ."

"మీరు చెయ్యరా సార్?"

"నేను చేస్తే నువ్వేం నేర్చుకుంటావమ్మా?"

ఆమె పర్మిట్ మడిచి జేబులో పెట్టుకుంది. పెట్టె తీసుకుని షెడ్డు వెనక్కి వెళ్లి మూత తెరిచింది. పిల్ల లేవబోయి పడింది. మళ్లీ తలెత్తి, మేత తెచ్చిన తల్లికి తెరిచినట్టే, ఆమెకు నోరు తెరిచింది.