పదిహేడు వాంగ్మూలాలు

అన్నం ముందు కూర్చున్న మనిషిని లేపకూడదంటారు. పగవాణ్ణి కూడా తిన్నాకే తిట్టాలంటారు. ఆ గురువారం పొద్దున మా హాస్టల్లో పదిహేడు మంది ఆడపిల్లల్ని అన్నం ముందు నుంచి లేపారు. కళ్ళారా చూశాను కనుక చెబుతున్నాను.

కాలేజీకి పోయే ముందు తినే అన్నం అది. పప్పుచారు పోస్తున్న వంటమనిషి ఐలమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆఫీసు గుమాస్తా చెప్పులు విడవకుండా హాల్లోకి వచ్చి జేబులోంచి కాగితం తీశాడు.

"పేరు చదివినోళ్ళు లెవ్వుండ్రి. మీ స్కాలర్‌షిప్ బందైంది. హాస్టల్ సీటు క్యాన్సిల్. సోమారం దాకా టైం."

మొదటి పేరు సలోమి. రెండోది లిడియా. అలా పదిహేడు పేర్లు చదివాడు. సలోమి చేతిలో కలిపిన ముద్ద అలాగే ఉంది. కాలేజీ హాజరు పట్టీలో ఆమె మంజుల. సలోమి అని పిలిచేది ఇంట్లో, చర్చిలో, ఇక్కడ మేము. ఆ పేరు ఆఫీసు కాగితం మీదికి ఎలా ఎక్కిందో ఆ క్షణాన ఆ హాల్లో ముందు నాకే తట్టింది.

నా పేరు వర్షిత. అల్లాదుర్గ్ పక్క పల్లెలో రెండెకరాల రైతు బిడ్డను. డిగ్రీ ఆఖరి ఏడు చదువుతూ హాస్టల్ పిల్లల పోరాట కమిటీకి కన్వీనర్‌గా ఉన్నాను. అది సకల జనుల సమ్మె అయిపోయిన మరుసటి ఏడాది. తెలంగాణ కోసం మేం రోడ్డెక్కితే పెద్దమనుషులు మజ్జిగ ప్యాకెట్లు పంచారు, మైకులిచ్చి మాట్లాడించారు. ఐదు నెలలుగా స్కాలర్‌షిప్ రావడం లేదు, కొత్త రూల్స్ పెట్టి సగం మందికి ఎగ్గొట్టబోతున్నారని మేం అంటే, "ముందుగాల స్టేట్ రానియ్యుండ్రి, తర్వాత సూద్దాం" అన్నారు. ఆకలికి ఆ తేడాలేవీ తెలియవు కదా. అందుకే మేమే సంతకాలు సేకరించాం.

సంక్షేమ శాఖ ఆఫీసులో సూపరింటెండెంట్ మదన్ మోహన్. తడిగుడ్డతో గొంతు కోసే రకమని అప్పటికి నాకు తెలియదు. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"మంచి పని జేస్తున్నవమ్మా. సంతకాలు మస్తుగ పెట్టించు. పేరు, తండ్రి పేరు, ఉండే జాగా అన్నీ పూరాగ రాయించు. గప్పుడే పైకి పోతది" అన్నాడు.

నేను పొంగిపోయాను. ఆదివారం ఆరాధన అయ్యేవేళకు చర్చి గేటు దగ్గర కాగితాలు పట్టుకుని నిలబడ్డాను. మా హాస్టల్ పిల్లలు బయటికి వచ్చి, అక్కడ ఎప్పుడూ రాసినట్టే రాశారు. బాప్తిస్మం పేరు, తండ్రి బాప్తిస్మం పేరు, మిషన్ కాంపౌండు అడ్రసు. నేను సంతకాలు చూసుకుని మురిసిపోయాను తప్ప, ఏం రాస్తున్నారో చూడలేదు.

చర్చికి పోయే దళిత పిల్లలకు రెండు పేర్లుంటాయి. క్రైస్తవులని కాగితం మీద తేలితే ఎస్సీలు కాకుండా పోతారు, ఆ సర్టిఫికెట్ మీద వచ్చే స్కాలర్‌షిప్ పోతుంది. మతం మారితే అంటరానితనం పోతుందని చట్టం నమ్ముతుంది. కిరాయి ఇల్లు అడిగిన చోట మాత్రం ఎవరూ నమ్మరు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు, ఆఫీసుకూ తెలుసు. ఖర్చు తగ్గించమని పైనుంచి ఆర్డరు వచ్చిన రోజున మా వినతిపత్రమే వాళ్ళకు జాబితా అయింది. కొరివితో తల గోక్కున్నాను. కాలింది మాత్రం ఆ పిల్లల తల.

ఆ గురువారం సాయంత్రమే మదన్ మోహన్ పదిహేడు మందినీ పిలిపించి టైపు చేసిన కాగితం చూపించాడు. అందులో రెండే మాటలు. "నాకు చర్చితో సంబంధం లేదు. ఆ వినతిపత్రం మీద వర్షిత నన్ను బెదిరించి సంతకం పెట్టించింది." సోమవారం పై ఆఫీసరు ముందు దాని మీద సంతకం పెడితే సీటు ఉంటుంది, డబ్బులు వస్తాయి. నా మీద కేసు పడుతుంది. నూట నలభై మంది పెట్టుకున్న వినతిపత్రం దొంగ కాగితం అవుతుంది.

శుక్రవారం హాస్టల్ వాకిట్లో మీటింగ్ పెట్టాం. ఎవరూ మెత్తగా మాట్లాడలేదు.

మొదట లేచింది చేగుంట పిల్ల చంద్రిక. వాళ్ళ నాన్న రోడ్డు పక్కన మిర్చి బండి పెడతాడు. "నేను ఉన్నమాట అంట. ఆళ్ళది ఆళ్ళు సూసుకుంటరు. నడుమల మనమెందుకు? పదిహేడు మంది పోతే మిగిలినోళ్ళకన్న పైసలొస్తయ్."

"సిగ్గుండాలె మాట్లాడనీకి!" వెనక నుంచి ఎవరో అరిచారు.

"సిగ్గుతోని కడుపు నిండుతదా? మా నాయిన నెలకోపారి ఫోన్ జేసి, మానేసి రమ్మంటుండు. సిగ్గు గురించి ఆయనకు చెప్పు పో!"

సలోమి అంతసేపూ నన్నే చూస్తోంది. లేచి నిలబడింది.

"అక్కా, నువ్వు లీడర్‌వి. నీ పేరు పేపర్ల పడ్తది. మా పేర్లు గిట్ల పడ్డయి. రాయించుకునేటప్పుడు ఒక్కపారి సదువుకోవద్దా? మాది మేం దాసుకున్న బతుకు. నీకు దాసుకునే పని లేదు గద, అందుకే నీకు యాదికి రాలే."

తప్పు నాదేనని అందరి ముందు ఒప్పుకున్నాను. ఒప్పుకుంటే పోయే తప్పు కాదది.

అప్పుడు ఐలమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. "నాకు సదువు రాదు బిడ్డా. గని బియ్యం లెక్క ఎరుకే. పోయిన నెల నూనె తగ్గించిండ్రు. గీ నెల పప్పు తగ్గించిండ్రు. ఇప్పుడు మనుషులను తగ్గిస్తున్నరు. పదిహేడు కాడ ఆగుతరనుకుంటున్నరా మీరు?"

ఆ మాటకు చంద్రిక కూర్చుంది. ఒప్పుకుందని కాదు. మీటింగ్ ఏమీ తేలకుండానే ముగిసింది.

శనివారం నుంచి గేటు ఎదురుగా ఒక జీపు నిలబడింది. ఎవరూ దిగరు, ఎవరూ ఎక్కరు. మేం బయటికి పోతే మెల్లగా మా వెనకే వచ్చేది. రోజూ పలకరించే చాయ్ హోటలాయన మమ్మల్ని చూసి మొహం తిప్పుకున్నాడు. మధ్యాహ్నం సలోమి తండ్రి లాజరు వచ్చాడు. సుతారి పని చేసే మనిషి, చేతుల మీద సిమెంటు కూడా కడుక్కోకుండా పరుగున వచ్చాడు.

"ఇద్దరొచ్చిండ్రు బిడ్డా ఇంటికి. నీళ్ళడిగి తాగిండ్రు. గోడ మీది యేసయ్య పటం జూసిండ్రు. ఎంతమంది బిడ్డలు, యాడ సదువుతున్నరు అని మెల్లగ అడిగిండ్రు. మీ అమ్మ అప్పటిసంది వణుకుతుంది. సంతకం పెట్టు తల్లీ. మన మనసు దేవునికి తెల్వదా?"

లాజరు నా వైపు తిరిగాడు. "నీ మీద నాకు కోపం లేదమ్మా. గని నువ్వు పోతే జైలుకు పోతవ్, మళ్ళ బయటికొస్తవ్. నా బిడ్డ పోతే బీడీలు చుట్టనీకి పోతది. అండ్లకెల్లి దాని తల్లి మార్తమ్మ ఇరవై ఏండ్లయినా బయటికి రాలే."

"సంతకం పెట్టెయ్ సలోమీ. నా సంగతి నేను సూసుకుంట" అన్నాను.

"నీ గురించి కాదక్కా నేను ఆలోచించేది" అంది. ఆదివారమంతా పుస్తకాల పెట్టె సర్దుతూ, మళ్ళీ విప్పుతూ కూర్చుంది.

సోమవారం పదిన్నరకు అందరం ఆఫీసుకు నడిచాం. ముందు పదిహేడు మంది, వెనక మేము. చంద్రిక అందరికంటే వెనక, ముడుచుకుని నడిచింది. గేటు దగ్గర పోలీసు వ్యాను అప్పటికే ఉంది. లాజరు గోడ వారగా నిలబడ్డాడు.

ఒక్కొక్కరినే లోపలికి రమ్మన్నారు. ముందు సలోమి పోయింది. కిటికీ రెక్కలు తెరిచే ఉండటంతో లోపలి మాటలు వినబడుతున్నాయి.

అప్పుడే మదన్ మోహన్ వరండాలోకి వచ్చాడు. మమ్మల్ని చెదరగొడదామనుకున్నాడేమో, ఎక్కువే మాట్లాడాడు. "మీరెందుకమ్మా ఎండల? పోండ్రి, పోండ్రి. ఉంటే పేర్లు రాసుకోవాల్సొస్తది. వచ్చే నెల బీసీ పిల్లల ఆదాయం సర్టిఫికెట్లు జూస్తం. బండ్లు, కొట్లు పెట్టుకున్నోళ్ళయి ముందుగాల."

చంద్రిక తలెత్తింది.

లోపల ఆఫీసరు గొంతు పెరిగింది. "టైపు చేసింది కొట్టేసి ఇదేం రాశావ్? చదువు, నువ్వే చదువు!"

సలోమి చదివింది. "నా బడి పేరు మంజుల. నన్ను కన్నోళ్ళు పిలిచే పేరు సలోమి. రెండు పేర్లకు ఒకటే ఆకలి సార్. వినతిపత్రం మీద సంతకం నేను ఇష్టంతోనే పెట్టిన. ఎవ్వలూ బెదిరియ్యలే. ఇప్పుడు బెదిరిస్తున్నరు."

"నీ సీటు పోతుంది. అర్థమవుతోందా?"

"అయింది సార్. నేనొక్కదాన్ని సంతకం పెడితే నూట నలభై మందివి పోతయ్. గది గుడ అర్థమైంది."

గోడ వారగా ఉన్న లాజరు కళ్ళు మూసుకున్నాడు. తర్వాత లిడియా పోయింది. పదిహేడేళ్ళ పిల్ల, కలం జారి రెండుసార్లు కింద పడిందట. అయినా అదే రాసింది. ఆ తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. పదిహేడు టైపు కాగితాల మీదా పదిహేడు అడ్డగీతలు పడ్డాయి. ఆఫీసరు బల్ల గుద్ది పోలీసులను పిలిచాడు.

నన్ను జుట్టు పట్టి లాగారు. సలోమిని రెక్క పట్టి మెట్ల మీంచి ఈడ్చుకొచ్చారు. ఇద్దర్నీ వ్యానులోకి తోసి తలుపు వేశారు. జాలీలోంచి సగం ఆకాశం, సగం మనుషులు కనబడుతున్నారు.

"అక్కా, భయమైతుందే" అంది సలోమి.

"నాక్కూడ" అన్నాను. అబద్ధం చెప్పి ఏం లాభం?

వ్యాను స్టార్టయింది, రెండడుగులు కదిలి ఆగిపోయింది. డ్రైవరు హారన్ మీద చెయ్యి తీయడం లేదు. జాలీకి మొహం ఆనించి చూశాను. ముందు చక్రానికి అడ్డంగా చంద్రిక కూర్చుని ఉంది. శుక్రవారం నాడు నడుమల మనమెందుకన్న చంద్రిక! ఆమె పక్కన లిడియా, ఆ పక్కన అల్లాదుర్గ్ పిల్లలు, మొత్తం హాస్టలంతా మట్టిలో కూర్చుంది. లాఠీ పట్టుకున్న జవాను "లెవ్వుండ్రి!" అని ఒక్కొక్కరి మీదికీ వంగి అరుస్తున్నాడు.

లాజరు గోడ దగ్గర నుంచి కదిలాడు. ఇంటికి పోతాడేమో అనుకున్నాను. పోయినా తప్పు పట్టను. ఆయన మెల్లగా నడుచుకుంటూ వచ్చి, తలకు చుట్టిన తువ్వాల విప్పి నేల మీద పరిచి, చంద్రిక పక్కన కూర్చున్నాడు.

డ్రైవరు ఇంజను ఆపేశాడు.

ఆ నిశ్శబ్దంలో రోడ్డు మలుపు అవతల నుంచి ఇంకో రెండు వ్యాన్లు వస్తున్న చప్పుడు అందరికీ వినబడింది. ఒక్కరూ లేవలేదు.